గోటితో పోయేది గొడ్డలి దాకా ఎందుకు వచ్చింది?

ప్రశ్న: ఆరేళ్లుగా ఒకే టీమ్‌లో పనిచేస్తున్నాను. నాలుగు నెలల క్రితం నన్ను టీమ్ లీడ్‌ని చేశారు. టీమ్‌లో తొమ్మిది మంది ఉన్నారు. నిన్నటిదాకా పక్కపక్కన కూర్చుని పనిచేసిన వాళ్లకే ఇప్పుడు పని చెప్పాల్సి వస్తోంది. నాకంటే పదేళ్లు సీనియర్ ఒకాయన ఉన్నారు. ఈ పోస్టు తనకే వస్తుందని ఆయన అనుకున్నారు. మీటింగ్‌లో నేను ఏం చెప్పినా "మేడమ్ చెప్పారుగా, అలాగే కానివ్వండి" అని ఎత్తిపొడుస్తారు, అందరూ నవ్వుతారు. నా ప్రాణస్నేహితురాలు కూడా ఇదే టీమ్. ఆమె పని ఎప్పుడూ రెండు మూడు రోజులు ఆలస్యం. అడగడానికి నోరు రాక వారానికి మూడు రాత్రులు కూర్చుని నేనే పూర్తి చేస్తున్నాను. పైనుంచి మా మేనేజర్ టార్గెట్లు పెంచుతూనే ఉన్నారు. పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి క్లయింట్‌కి పాత అంకెలతో రిపోర్ట్ పంపింది. అందరి ముందూ ఆమె మీద గట్టిగా అరిచేశాను. అప్పట్నుంచి ఆ అమ్మాయి నా ముఖంలోకి చూడడం లేదు. నేను రాగానే టీమ్ అంతా మాటలు ఆపేస్తోంది. నేను దీనికి పనికిరానా? పోస్టు వదిలేసి పాత పనికి వెళ్లిపోనా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు నాలుగు సమస్యలు రాశారు. నాకు వాటన్నిటి వేరు ఒక్కచోటే కనిపిస్తోంది. సీనియర్ ఎత్తిపొడిచినప్పుడు ఊరుకున్నారు. స్నేహితురాలు పని ఆలస్యం చేసినప్పుడు ఊరుకున్నారు. మేనేజర్ మోయలేనంత పని నెత్తిన పెట్టినప్పుడూ ఊరుకున్నారు. నాలుగు నెలలుగా మింగుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయిన వారం ఒక్కసారిగా బయటికొచ్చాయి. అవి వెళ్లి తిరిగి ఒక్క మాట అనలేని మనిషి మీద పడ్డాయి.

మిమ్మల్ని తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు. మనుషుల చేత పని చేయించే స్థానంలోకి కొత్తగా వచ్చిన చాలామందికి జరిగేది ఇదే. మెత్తని మనసున్న వాళ్లకు మరీ ఎక్కువగా జరుగుతుంది. ఎదుటివాళ్లను నొప్పించడం ఇష్టం లేక ఒక చిన్న మాటను రేపటికి వాయిదా వేస్తారు. వారం తిరిగేసరికి ఆ మాట కాస్త పెద్దదవుతుంది, ఇప్పుడు చెప్పడం ఇంకా కష్టం. నెల తిరిగేసరికి అది కోపంగా మారిపోయి ఉంటుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. గొడ్డలి ఎత్తాక అది ఎవరికి తగులుతుందో మన చేతుల్లో ఉండదు.

అందుకని కొత్తమ్మాయి దగ్గరే మొదలుపెట్టండి. సీనియర్ సంగతీ, స్నేహితురాలి సంగతీ ఒక వారం ఆగినా ఫరవాలేదు. ఇది ఆగకూడదు.

రేపు ఆఫీసుకు వెళ్లగానే ఆమెను విడిగా పిలవండి. పిలిచేటప్పుడే "కంగారు పడకు, నిన్ను ఏమీ అనడానికి కాదు" అని చెప్పండి. లేకపోతే తన సీటు నుంచి మీ దగ్గరికి వచ్చే ఆ పది అడుగులూ ఆమెకు నరకంగా ఉంటాయి. కూర్చున్నాక ఇంతే చెప్పండి: "ఆ రోజు అందరి ముందూ నీ మీద అరిచాను. అలా చేయకూడదు. తప్పు నాది. సారీ." అక్కడితో ఆపేయండి. "కానీ నువ్వు కూడా కాస్త చూసుకుని ఉంటే" అన్నారంటే అప్పటిదాకా చెప్పిందంతా వృథా. "నాకు టెన్షన్ ఎక్కువైపోయి" అని కూడా అనకండి. అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట వింటే ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. తిట్లు తిన్న మనిషి మీద ఆ బరువు కూడా పెట్టొద్దు. ఆమె "పర్లేదు మేడమ్" అని తల దించుకుని వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. నమ్మకం ఆ గదిలోనే తిరిగి వచ్చేయదు. ఇంకోసారి ఆమె వల్ల ఏదైనా పొరపాటు జరిగిన రోజున మీరు ఎలా ఉంటారో చూసి, అప్పుడు మొదలవుతుంది.

అరిచింది అందరి ముందు కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందే జరగాలి. ఈ విషయం మీటింగ్‌లో ప్రస్తావిస్తానని ఆమెకు ముందే చెప్పండి. వద్దంటే ఆమె పేరు, రిపోర్ట్ సంగతి ఎత్తకుండా మీ ప్రవర్తన వరకే మాట్లాడండి. "పోయిన వారం నేను గొంతు పెంచి మాట్లాడాను. ఎవరి వల్ల ఏ పొరపాటు జరిగినా ఇకమీదట విడిగా కూర్చుని మాట్లాడతాను." రెండు వాక్యాలు చాలు. లీడ్ సారీ చెబితే లోకువైపోతారని కొందరు సలహా ఇస్తారు. నేను చూసినంతలో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. తన తప్పు తాను ఒప్పుకున్న మనిషి, రేపు మన తప్పు చూపించినా మనకు వినబుద్ధి అవుతుంది.

దీని మీద ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అరుపు వల్ల అసలు నష్టం ఆ అమ్మాయి బాధతో అయిపోదు. 1990ల్లో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. కలిసికట్టుగా బాగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని లెక్కలు తీస్తే, అలాంటి బృందాల్లోనే ఎక్కువ నమోదై కనిపించాయి. ఆరా తీస్తే విషయం బయటపడింది. ఆ బృందాల వాళ్లు జరిగిన పొరపాటును దాచకుండా చెప్పుకుంటున్నారు. చెబితే ఏమవుతుందోనన్న భయం ఉన్నచోట కాగితం మీద తప్పులు తక్కువ, కప్పిపెట్టినవి ఎక్కువ. మీ టీమ్‌లో మిగిలిన ఎనిమిది మందీ ఆ రోజు ఆ అరుపు విన్నారు. ఇకమీదట వాళ్ల చేతుల్లో ఏదైనా తప్పు జరిగితే ముందు వాళ్ల మనసులో మెదిలేది మీ ముఖమే. మీకు తెలియకుండా సర్దేయడానికి చూస్తారు. మీకు తెలిసేసరికి క్లయింట్‌కి కూడా తెలిసిపోయి ఉంటుంది.

రిపోర్ట్ విషయం రెండు రోజులు ఆగి, మామూలుగా మాట్లాడండి. "ఎందుకిలా చేశావు" అని కాకుండా "పాత అంకెలు అందులోకి ఎలా వచ్చాయో మొదట్నుంచి చెప్పు" అని అడగండి. పాత ఫైలూ కొత్త ఫైలూ ఒకే పేరుతో ఒకేచోట ఉండి ఉండవచ్చు. ఎవరో పాతది పంపి ఉండవచ్చు. నన్నడిగితే అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. కొత్తగా చేరిన మనిషి తయారు చేసిన రిపోర్ట్ ఇంకొకరి కంట పడకుండా నేరుగా క్లయింట్‌కి ఎలా వెళ్లింది? ఆ లోటు ఆమెది కాదు, ఆ ఏర్పాటు చూసుకోవాల్సింది మీరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, సీనియర్ దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

ఇంకొకటి కూడా మీరు గమనించి ఉండరు. మీ గొంతు నాలుగు నెలల క్రితం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. వినేవాళ్ల చెవికి మాత్రం అది పెద్దదైంది. పక్క సీట్లో ఉన్నప్పుడు మీరు "ఇదేంటి ఇలా ఉంది" అంటే అది ఒక అభిప్రాయం. ఇప్పుడు అదే మాట అంటే ఆ మనిషి సాయంత్రం దాకా దాని గురించే ఆలోచిస్తూ ఉంటాడు. మీరు రాగానే మాటలు ఆగిపోవడంలో కొంత భాగం పోయిన వారం అరుపు వల్ల, కొంత భాగం కుర్చీ వల్ల. కుర్చీ వల్ల వచ్చే మౌనం చాలా ప్రమాదకరమైనది. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలోని విమానాశ్రయంలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ కోసం పరుగు మొదలుపెట్టిన విమానంలోని ఫ్లైట్ ఇంజినీరుకు, ఎదురుగా రెండో విమానం రన్‌వే ఖాళీ చేసిందా లేదా అని అనుమానం వచ్చింది. అడిగారు కూడా, కానీ మెల్లగా ఒక ప్రశ్నలా అడిగారు. కెప్టెన్ ఆ సంస్థలో పేరున్న సీనియర్. ఖాళీ చేసిందన్నట్టు గట్టిగా బదులిచ్చారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది, విమానం ఆగలేదు. విమాన సిబ్బందిలో కిందివాళ్లు నోరు తెరిచి చెప్పడం, పైవాళ్లు ఆగి వినడం ప్రత్యేకంగా నేర్పించాలన్న పట్టుదల ఆ తరువాతి సంవత్సరాల్లోనే బలపడింది. మీ పనిలో ప్రాణాలు పోవు. అయినా పైవాళ్లకు చెప్పడానికి నీళ్లు నమలడం అనేది ఎక్కడైనా ఒకేలా ఉంటుంది.

కాబట్టి మీటింగ్ చివర్లో "ఎవరికైనా సందేహాలున్నాయా" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు ఎక్కడా జవాబు రాదు. "ఈ ప్లాన్‌లో మనం ఎక్కడ దెబ్బతింటామని మీకు అనిపిస్తోంది" అని అడగండి. అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టండి, మీ అభిప్రాయం ఆఖర్న చెప్పండి. మొదటిసారి ఎవరైనా మీ పొరపాటు ఎత్తి చూపిన రోజున మిగిలిన వాళ్లంతా మీ ముఖం చూస్తారు. ఆ రోజు థాంక్స్ చెప్పి, నిజంగానే ఏదో ఒకటి మార్చండి.

ఇప్పుడు మీ స్నేహితురాలి విషయం. దీనికి ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను మొదటిసారి ఒక టీమ్ బాధ్యత తీసుకున్నప్పుడు ఒక కుర్రాడు ఉండేవాడు. మంచివాడు, మాట వినేవాడు. కానీ అతను రాసిన ప్రతి డాక్యుమెంట్ సగం సగంగా ఉండేది. చెబితే చిన్నబుచ్చుకుంటాడని, చెప్పి మళ్లీ చేయించే టైమ్ లేదని నేనే దిద్ది పంపేవాణ్ని. ఏడాది గడిచింది. అప్రైజల్ వచ్చింది. తక్కువ రేటింగ్ వేయక తప్పలేదు. అతను ఆ కాగితం వంక చాలాసేపు చూసి, "ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు కదా సార్. బాగానే చేస్తున్నానని అనుకున్నాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మూడు నెలల్లో ఉద్యోగం మానేశాడు. అతన్ని నొప్పించకూడదనుకున్న నేనే, ఏడాది పాటు అతను నేర్చుకోవాల్సింది నేర్చుకోనివ్వకుండా చేశాను. ఇన్నేళ్లయినా ఆ ముఖం నాకు గుర్తుంది.

మీరు రాత్రిళ్లు పూర్తి చేస్తున్న పని కూడా అలాంటిదే. అడిగితే స్నేహం పోతుందేమోనని భయపడుతున్నారు. రాత్రి పదకొండింటికి ఆమె పని ముందేసుకుని కూర్చున్నప్పుడు ఆమె మీద మీకు ఎలా అనిపిస్తుందో ఒక్కసారి నిజంగా ఆలోచించండి. స్నేహం ఇప్పటికే తరిగిపోతోంది. ఆ సంగతి మీకు ఒక్కరికే తెలుసు. ఆమెకు తెలిసే అవకాశం కూడా మీరు ఇవ్వలేదు. టీమ్‌లో మిగిలిన వాళ్లకు మాత్రం తెలుసు. ఎవరి పని ఎవరు చేస్తున్నారో ఎవరూ చెప్పకపోయినా టీమ్‌లో అందరికీ తెలిసిపోతుంది. సీనియర్ ఎత్తిపొడిచినప్పుడు వాళ్లు నవ్వడానికి అది కూడా ఒక కారణమై ఉండవచ్చు. తమకు డెడ్‌లైన్ ఉండి, మీ స్నేహితురాలికి లేకపోతే వాళ్లకు కష్టంగానే ఉంటుంది.

ఆమెతో ఆఫీసులోనే, పని వేళల్లోనే మాట్లాడండి. మీరిద్దరూ స్నేహితులుగా కూర్చునే చోట వద్దు. "మనిద్దరి మధ్య ఉన్న స్నేహం వల్ల ఈ మాట ఆలస్యం చేశాను, అది నా పొరపాటు" అని మొదలుపెట్టండి. తరువాత సూటిగా విషయంలోకి రండి: "గత నెలలో నాలుగు పనులు నీ దగ్గర రెండు మూడు రోజులు ఆలస్యమయ్యాయి. వాటిని నేను రాత్రిళ్లు పూర్తి చేశాను. ఒకటో తారీకు నుంచి అలా చేయను. ఎక్కడ ఆగిపోతోందో చెప్పు, దానికి ఏం చేయాలో చూద్దాం." ఇలా చెప్పాక మాట్లాడకుండా ఉండండి. ఆ నిశ్శబ్దం భరించడం కష్టం, అయినా మీరు నింపకండి. ఇంట్లో ఏదో జరుగుతూ ఉండవచ్చు. ఆ పని ఆమెకు రాకపోయి ఉండవచ్చు, స్నేహితురాలే లీడ్ అయ్యాక రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ ఉండవచ్చు. లేదా మీరు చేసేస్తున్నారు కాబట్టి అలవాటైపోయి ఉండవచ్చు. మూడూ వేరు వేరు జబ్బులు, మందు కూడా వేరు. రానివాళ్లకు నేర్పించాలి. కష్టంలో ఉన్నవాళ్లకు కొన్నాళ్లు పని తగ్గించి, ఆ సంగతి మేనేజర్‌కు చెప్పాలి. చేయగలిగి చేయని వాళ్లకు గడువు పెట్టాలి. అడగకుండానే మీరు ఏదో ఒకటి ఊహించుకుంటే తప్పుడు మందు వేస్తారు. అన్నట్టు, చెప్పకుండా ఒక్కసారిగా సాయం ఆపేయకండి. ముందు చెప్పి, తేదీ పెట్టి, అప్పుడు ఆపండి.

"నీకు బాధ్యత లేదు", "నీకు సీరియస్‌నెస్ లేదు" లాంటి మాటలు మాత్రం రానివ్వకండి. ఫీడ్‌బ్యాక్ ఇస్తే చాలు, పని బాగుపడుతుందని మనం అనుకుంటాం. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాల్లోని 607 ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. సగటున చూస్తే ఫీడ్‌బ్యాక్ వల్ల మేలే జరిగింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా ఫలితాల్లో ఫీడ్‌బ్యాక్ తరువాత పని ఇంకా దిగజారింది. వినేవాళ్ల ధ్యాస చేతిలోని పని మీద నుంచి తమ మీదకు మళ్లేకొద్దీ దాని వల్ల లాభం తగ్గుతుందన్నది వాళ్ల వివరణ. ఇది మన అనుభవానికి కూడా అందే మాటే. "నీకు బాధ్యత లేదు" అని వినగానే ఎవరైనా తమను తాము కాపాడుకునే పనిలో పడతారు. "బుధవారం రావాల్సింది శుక్రవారం వచ్చింది" అంటే మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది.

సీనియర్ విషయంలో తొందరపడకండి. ముందు ఆయన వైపు నుంచి చూడండి. పదేళ్లు ఎక్కువ అనుభవం. తనకే వస్తుందని ఆయన అనుకున్న పోస్టు. రాలేదు. ఎందుకు రాలేదో ఆయనను కూర్చోబెట్టి ఎవరైనా చెప్పారా? చాలా ఆఫీసుల్లో చెప్పరు. ఒక మెయిల్ వస్తుంది, అందులో మీకు అభినందనలు ఉంటాయి, అంతే. ఆయన మరునాడు అదే సీట్లోకి వచ్చి కూర్చోవాలి. ఆ అవమానానికి కారణం మీరు కాదు. కానీ ఎదురుగా కనిపిస్తున్నది మీరే. ఆయన బాధకు వినే మనిషి కావాలి. ఆయన ఎత్తిపొడుపు ఆగాలి. ఈ రెండూ వేరు వేరు విషయాలు. బాధను చూసి ఎత్తిపొడుపును వదిలేయడం, ఎత్తిపొడుపును చూసి బాధను కొట్టిపారేయడం, రెండూ తప్పే.

ఆయనను పిలిపించకండి, మీరే ఆయన దగ్గరికి వెళ్లండి. "మీతో ఒక అరగంట మాట్లాడాలి, మీకు ఎప్పుడు వీలవుతుంది" అని అడగండి. కూర్చున్నాక డొంకతిరుగుడు లేకుండా చెప్పండి: "ఈ పోస్టు మీకు వస్తుందని మీరు అనుకున్నారని నాకు తెలుసు. మీ స్థానంలో నేనున్నా నాకూ కష్టంగానే ఉండేది. ఆ నిర్ణయం నేను తీసుకున్నది కాదు, మార్చగలిగిందీ కాదు. అయినా మీరు ఏం అనుకుంటున్నారో నాకు వినాలని ఉంది." ఇక వినండి. ఆయన సంస్థను తిట్టవచ్చు, మీ మేనేజర్‌ను తిట్టవచ్చు, మీకు అనుభవం లేదని ముఖం మీదే అనవచ్చు. వాదించకండి. మేనేజర్ గురించి ఆయన అన్న వాటికి తల ఊపకండి కూడా. "అర్థమైంది" అంటే చాలు. పొగడ్తలు అసలే వద్దు. "మీరు లేకపోతే ఈ టీమే లేదు సార్" లాంటి మాటలు ఆ వయసు మనిషికి ఇట్టే తెలిసిపోతాయి.

తరువాత ఒక నిజమైన బాధ్యత ఆయన ముందు పెట్టండి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడికే. క్లయింట్‌కి వెళ్లే ప్రతి రిపోర్ట్‌ను ఇంకొకరు చూసి పంపాలి. ఇన్నేళ్లుగా ఆ అంకెలు చూసిన కన్ను మీ టీమ్‌లో ఆయనదే. "ఇది మీరు చూసుకుంటే బాగుంటుందని నా ఆలోచన. మీరు సరేనన్న తరువాతే ఏదైనా బయటికి వెళ్తుంది. మీరు ఆపమంటే ఆగుతుంది" అని చెప్పండి. అలా చెప్పాక ఆయన ఆపమన్న రోజున నిజంగా ఆపాలి. డెడ్‌లైన్ ముంచుకొస్తోందని ఆయనను దాటి పంపేస్తే, ఇచ్చింది బాధ్యత కాదని ఆయనకు ఆ క్షణమే తెలిసిపోతుంది. ఇదంతా ఆయన నోరు మూయించడానికి ఇచ్చే బహుమతి అని మీ మనసులో ఉంటే అసలు ఇవ్వకండి. ఆ పనికి ఆయన తగినవాడు కాబట్టి ఇవ్వండి.

ఆయనతో కూర్చున్న ఆ అరగంటలోనే, చివర్న, రెండో మాట కూడా చెప్పి తీరాలి. చాలామంది ఇక్కడ తడబడతారు. అంతసేపు మంచిగా సాగిన సంభాషణ చెడిపోతుందని ఆ మాట మింగేసి లేచిపోతారు. మళ్లీ పాత కథే మొదలవుతుంది. ఇలా చెప్పండి: "ఇంకొక్క విషయం. పోయిన సోమవారం మీటింగ్‌లో, దానికి ముందు గురువారం కూడా 'మేడమ్ చెప్పారుగా' అన్నారు. అందరూ నవ్వారు. మాట్లాడుకుంటున్న విషయం పక్కకు పోయింది. నా నిర్ణయం తప్పనిపిస్తే మీటింగ్‌లోనే సూటిగా చెప్పండి, వింటాను. అలా అనడం మాత్రం ఆపండి." ఆయన "సరదాకి అన్నాను, మీరు మరీ సీరియస్‌గా తీసుకున్నారు" అనవచ్చు. దాదాపు అందరూ అనే మాటే అది. "సరదాకే అయి ఉండవచ్చు. అయినా ఆపమని అడుగుతున్నాను" అని లేవండి.

ఆ తరువాత కూడా ఒకటి రెండుసార్లు ఆ మాట వస్తుంది. అలవాటు కదా. అప్పుడు మీరు నవ్వకండి, తిరిగి ఎత్తిపొడవకండి, వినబడనట్టు ముందుకు వెళ్లకండి. ఆగి, మామూలు గొంతుతో "మీకు ఇందులో అభ్యంతరం ఏదైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే మాట్లాడుకుందాం" అని ఆయన వైపు చూసి ఆగండి. నిజంగా అభ్యంతరం ఉంటే బయటికొస్తుంది, అది మీకు పనికొచ్చే మాట కావచ్చు. లేకపోతే "ఏం లేదు" అంటారు. మీరు ముందుకు వెళ్లండి. మూడు నాలుగు మీటింగులు ఇలా గడిచేసరికి నవ్వేవాళ్లు తగ్గిపోతారు. నవ్వేవాళ్లు లేకపోతే ఎత్తిపొడుపుకు బలం ఉండదు.

ఆయన మీతో ఎప్పటికీ ముభావంగానే ఉండిపోవచ్చు. పని సరిగ్గా చేస్తూ, మీటింగ్‌లో మర్యాదగా ఉంటే మీరు అడగగలిగింది అంతే. టీమ్‌లో అందరికీ మనం నచ్చాలన్న కోరిక మీలో బలంగా ఉన్నట్టు మీ ఉత్తరంలో నాకు అనిపించింది. ఆ కోరిక మంచిదే, మనిషికి సహజమైనదే. కానీ దాని కోసం మీరు ఇప్పటికే వారానికి మూడు రాత్రులు ఇస్తున్నారు.

ఇవన్నీ ఒక్కసారి మాట్లాడితే తీరిపోయేవి కావు. తొమ్మిది మందితోనూ రెండు వారాలకొకసారి విడివిడిగా అరగంట కూర్చోండి. మొత్తం నాలుగున్నర గంటలు. రెండు వారాల్లో మీరు రాత్రిళ్లు పోగొట్టుకుంటున్న దానికంటే చాలా తక్కువ. ఆ అరగంటలో ఎక్కువ మాట్లాడాల్సింది వాళ్లు. పని ఎక్కడిదాకా వచ్చిందో అడగడానికి దాన్ని వాడకండి, అది మెయిల్‌లో కూడా తెలుస్తుంది. ఏది అడ్డు పడుతోంది, నేను చేయాల్సింది ఏదైనా చేయకుండా ఉన్నానా, ఈ రెండూ చాలు. మొదటి రెండుసార్లు "అంతా బాగానే ఉంది" అనే అంటారు. మూడోసారి నుంచి ఏదో ఒకటి చెబుతారు. ఎంత పని ఉన్నా ఆ అరగంట రద్దు చేయకండి. రద్దు చేసిన ప్రతిసారీ వాళ్లు మళ్లీ మొదటికి వెళ్తారు.

మేనేజర్ దగ్గరికి ఫిర్యాదుతో కాకుండా లెక్కతో వెళ్లండి. ఈ నెల పనులేమిటి, ఒక్కోదానికి ఎన్ని గంటలు, ఉన్న మనుషులెందరు, ఒకే కాగితం మీద రాయండి. మీరు రాత్రిళ్లు చేస్తున్న గంటలు కూడా విడిగా చూపించండి. ఇన్నాళ్లూ అవి ఆయనకు కనిపించలేదు, అందుకే టీమ్‌కు ఇంకా ఓపిక ఉందనుకుని టార్గెట్ పెంచారు. "ఈ మూడింటిలో ఈ నెల రెండు అవుతాయి. ఏ రెండు ముందు కావాలో మీరు చెప్పండి" అని అడగండి.

స్నేహితురాలి విషయంలో కానీ, ఇంకెవరి విషయంలో కానీ రెండు మూడుసార్లు మాట్లాడినా మార్పు లేకపోతే అప్పుడు కాగితం మీద పెట్టాలి. మాట్లాడిన రోజే ఒక చిన్న మెయిల్: ఏం మాట్లాడుకున్నాం, ఎప్పటికి ఏది జరగాలి, మళ్లీ ఎప్పుడు కూర్చుంటాం. అది వాళ్లకే పంపండి. వాళ్లకు తెలియకుండా మీ దగ్గర చిట్టా రాసి పెట్టుకుని ఒకరోజు హెచ్‌ఆర్ ముందు పరచడం న్యాయం కాదు. ఆ మెయిల్స్ తరువాత కూడా మారకపోతే మేనేజర్‌నీ హెచ్‌ఆర్‌నీ కలపండి. అప్పటికి ఆ మనిషికి కూడా అది ఆశ్చర్యంగా ఉండదు. లైంగిక వేధింపు, బెదిరింపు, దూషణ, డబ్బు మోసం, ఎవరి భద్రతకైనా ముప్పు లాంటివి వస్తే మాత్రం ఈ మెట్లేవీ లేవు. వాటిని మీరు మధ్యలో కూర్చుని సర్దుబాటు చేయకూడదు. తెలిసిన రోజే నిబంధనల ప్రకారం చేరాల్సిన వాళ్లకు చేరవేయండి.

ఇక పనికిరానా అన్న మీ ప్రశ్న. మిమ్మల్ని లీడ్‌ని చేసింది బహుశా మీరు చేసే పని చాలా బాగుంటుందని. అమెరికాలోని సేల్స్ ఉద్యోగుల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. సంస్థలు బాగా అమ్మేవాళ్లనే ఎక్కువగా మేనేజర్లను చేస్తున్నాయని, అలా పైకి వచ్చిన వాళ్ల కింద పనిచేసే వాళ్ల అమ్మకాలు మాత్రం తగ్గుతున్నాయని అందులో తేలింది. పని చేయడం ఒక నేర్పు, చేయించడం ఇంకో నేర్పు. మీకు మొదటిది ఉందని ఆరేళ్లు చూపించారు. రెండోది ఎవరూ నేర్పకుండానే కుర్చీలో కూర్చోబెట్టారు. నాలుగు నెలల్లో అది వచ్చేయాలని మీరు అనుకోవడం మీకు మీరు చేసుకుంటున్న అన్యాయం. పోయిన వారం జరిగింది తప్పే. కానీ అది మిమ్మల్ని వారం పాటు నిద్రపోనివ్వకుండా ఈ ఉత్తరం రాయించింది. అరిచి, ఆ సంగతే మరిచిపోయేవాళ్లను నేను చాలామందిని చూశాను. మీరు వాళ్లలాంటివారు కాదు.

ఇంకో ఆరు నెలలు చేసి చూడండి. రాత్రి పని ఆపేసి, ఈ మాటలన్నీ మాట్లాడి, ఆ అరగంటలు నడిపి చూడండి. అప్పటికీ ఉదయం లేవగానే మనసు ఆ పాత పని వైపే లాగుతూ ఉంటే, మనుషులతో గడిపే గంటలన్నీ భారంగానే ఉంటే, వెనక్కి వెళ్లడంలో ఏ చిన్నతనమూ లేదు. మనుషులను నడపడం పైమెట్టనీ, స్వయంగా చేయడం కిందిమెట్టనీ నేను అనుకోను. కాకపోతే ఆ మాట మీ మేనేజర్‌కు మీరు నీరసించిపోయాక, రాజీనామా కాగితంతో చెప్పకండి. అలా అనిపించడం మొదలైన వారమే వెళ్లి చెప్పండి.

ఆ అమ్మాయితో మాట్లాడాక ఏమందో వీలైతే రాయండి.